విశ్వాసం, విజ్ఞానం, వేడెక్కుతున్న నేల

(స్మారకోపన్యాస పాఠం)

ఏ ఫాదర్‌గారి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో వారి దగ్గర చదువుకున్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారిలో నన్ను ఎంచుకుని ఈ బాధ్యత అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. వాతావరణ శాస్త్రం బోధించి బతికినవాణ్ణి, కతోలిక విశ్వాసంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ రెండు హోదాల్లోనూ ఇవాళ మీ ముందు నిలబడుతున్నాను.

ఫాదర్‌గారు యేసు సభ గురువు, భౌతికశాస్త్ర అధ్యాపకులు. తెల్లవారుజామున దివ్యబలిపూజ, ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం. ప్రయోగశాల వెనక గడ్డినేలలో నిలబెట్టిన ఆ పాత్రలోని నీటిని కొలజాడీలోకి వంపి, కన్ను నీటిమట్టానికి సమంగా వచ్చేదాకా నడుం వంచి చూసి, మిల్లీమీటర్లలో, దశాంశంతో సహా రిజిస్టరులో రాసేవారు. చినుకు పడని రోజున సున్నా వేసేవారు. గడి ఖాళీగా వదిలితే ఒప్పుకునేవారు కారు. చూడకపోవడం వేరు, చూసి ఏమీ లేదని తెలుసుకోవడం వేరు అని మాకు చెప్పేవారు. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఊళ్లలో వాన కోసం ప్రార్థనలు నడిపించిందీ వారే. ఆ ప్రార్థన రిజిస్టరులోకి ఎక్కలేదు. రిజిస్టరులోని సున్నాలు ఆ ప్రార్థనను ఆపనూ లేదు. నా నేటి ఉపన్యాసానికి విషయం వారి జీవితమే ఇచ్చింది.

విజ్ఞానానికీ కతోలిక విశ్వాసానికీ పొసగుతుందా అన్న వాదన నాలుగు వందల ఏళ్ల నాటిది. వాతావరణ సంక్షోభం దానికి మూడో అంశాన్ని తెచ్చి కలిపింది. అది పరిష్కారాల సంగతి. నేను మీ ముందు ఉంచదలచినది ఇది: ప్రకృతి ఎలా నడుస్తోందో తెలుసుకునే పనిలో విశ్వాసం, విజ్ఞానం ఎవరి దారిన వారు నడవడమే ఇద్దరికీ క్షేమం. కతోలిక శ్రీసభ ఆ పాఠాన్ని చాలా మూల్యం చెల్లించి నేర్చుకుంది. అయితే వేడెక్కుతున్న ఈ నేల మీద ఇక ఏం చేయాలి, ఎవరు ఎంత భారం మోయాలి అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆ ఎడం పనికిరాదు. అక్కడ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఒకరు తెచ్చిన పరిష్కారాన్ని మరొకరు నిలదీయాలి, ఆ నిలదీతకు ఇద్దరూ తలవంచాలి.

మూల్యం గురించి ముందుగా చెప్పుకోవాలి. 1616లో రోము అధికారులు కోపర్నికస్ గ్రంథాన్ని సవరణలు జరిగేదాకా నిలిపివేశారు. 1632లో గెలీలియో తన సంవాద గ్రంథం వెలువరించాడు. 1633 జూన్ 22న, డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆ వృద్ధుడు మోకరిల్లి, భూమి కదులుతుందన్న తన అభిప్రాయాన్ని విడనాడుతున్నట్టు ప్రమాణం చేయవలసి వచ్చింది. 1642లో చనిపోయేదాకా గృహనిర్బంధంలోనే ఉన్నాడు. ఆ కోవ పుస్తకాలు నిషిద్ధ గ్రంథాల పట్టికలోంచి పూర్తిగా తొలగింది 1835లో. రెండో జాన్ పాల్ పోపుగారు నియమించిన సంఘం పని ముగిశాక, న్యాయాధికారులు పొరబడ్డారని ఆయన నిండు సభలో అంగీకరించింది 1992 అక్టోబరు 31న.

ఆనాటికి భూమి కదులుతుందనడానికి తిరుగులేని రుజువు లేదని శ్రీసభ పక్షాన కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజం ఉంది. నక్షత్రాల స్థానభేదాన్ని బెసెల్ కొలవగలిగింది 1838లో. అయినా ఆ వాదన నన్ను ఒప్పించదు. రుజువు లేనప్పుడు చేయవలసింది ఎదురుచూడడం. విచారణాధికారులు ఎదురుచూడలేదు, తీర్పు చెప్పారు. ఆకాశంలో చూసి తేల్చవలసిన సంగతిని న్యాయస్థానంలో తేల్చబోయారు. అంతకు ముందు యాభై ఏళ్ల కిందటే, 1582లో, పదమూడో గ్రెగొరీ పోపుగారు క్రిస్టొఫర్ క్లావియస్ వంటి గణితజ్ఞుల మాట విని పంచాంగాన్ని సరిదిద్దారు. ఆ ఏడు అక్టోబరు 4 తర్వాతి రోజు 15 అయింది. ఈస్టరు పండుగ సరైన రోజున రావడానికి ఆకాశపు లెక్క కావాలి. లెక్క చెప్పిందానికి పూజా సంవత్సరం లోబడింది. వినడం తెలిసిన సంస్థే వినడం మానేసింది కాబట్టి గెలీలియో కథ మరింత బాధిస్తుంది.

ఆ కథ అందరికీ తెలుసు. దాని పక్కన నిలబెట్టవలసిన మరో కథ మన సముద్రతీరానికి చెందింది, దాన్ని చెప్పేవారు తక్కువ.

1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తింది. సుమారు ముప్పై వేల మంది పోయారు. అంతకు నెల ముందే, అక్టోబరు 5న, కలకత్తాను మరో తుపాను తుడిచిపెట్టింది. మరుసటి ఏడాది యూజీన్ లాఫోన్ అనే బెల్జియం దేశపు యేసు సభ గురువు కలకత్తాలో దిగి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పాడు. మేడ మీద పరికరాలు పెట్టుకుని రోజూ వాతావరణాన్ని నమోదు చేసేవాడు. 1867లో భారమితి పడిపోతున్న తీరు చూసి తుపాను రాబోతోందని గ్రహించి అధికారులకు కబురు పంపాడు. ఆ ముందుమాట వల్ల కొన్ని ప్రాణాలైనా దక్కాయి. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ఆ మరుసటి ఏడు మహేంద్రలాల్ సర్కార్ కలకత్తాలో విజ్ఞానశాస్త్ర సంవర్ధక సంఘం స్థాపించినప్పుడు ఆయనకు అండగా నిలిచింది ఈ లాఫోనే. జగదీశ్ చంద్ర బోస్ ఆయన దగ్గర భౌతికశాస్త్రం చదివాడు. 1928లో సి.వి. రామన్ తన పేరు మీద పిలిచే కాంతి పరిక్షేపాన్ని కనుగొన్నది ఆ సంఘపు ప్రయోగశాలలోనే.

లాఫోన్ ఒంటరివాడు కాడు. హవానాలో బెలేన్ కళాశాల పరిశీలనశాలను నడిపిన బెనీతో విన్యేస్ 1875 సెప్టెంబరులో తుపాను హెచ్చరికను పత్రికలో ప్రకటించాడు. 1865లో మొదలైన మనీలా పరిశీలనశాల నుంచి ఫెదెరీకో ఫౌరా 1879 జూలైలో టైఫూను రాకను ముందే చెప్పాడు. ఈ ముగ్గురూ యేసు సభ గురువులే. సముద్రం ఎందుకు పొంగుతోందని జనం అడిగితే పాపాలకు శిక్ష అని చెప్పి ఊరుకోవడం ఆ రోజుల్లో ఏ గురువుకైనా సులభం. వీళ్లు భారమితి చూసి సమాధానం చెప్పారు. మేఘాల కదలికనూ గాలి మళ్లే తీరునూ గంటగంటకూ రాసి ఉంచారు. తుపాను హెచ్చరిక వల్ల దక్కేది ముందుగా ఎవరి ప్రాణం? తీరాన తాటాకు గుడిసెలో ఉండే జాలరిది, ఉప్పుకొటార్లలో పనిచేసే కూలీది. ఆ గురువుల శాస్త్రానికి దిక్కు చూపించింది విశ్వాసం. శాస్త్రంలోని అంకె మీద మాత్రం అది చెయ్యి వేయలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు హెచ్చరిక చేరవలసినవాళ్లకు చేరలేదు. పది వేల ప్రాణాలు పోయాయన్నది అధికారుల లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందకు లోపే. ఉపగ్రహాలు, రాడార్లు, లక్షలమందిని ముందే తరలించిన యంత్రాంగం ఆ తేడాను తెచ్చాయి. వాతావరణ శాస్త్రాన్ని అనుమానించేవారికి నేను ఇచ్చే మొదటి జవాబు మన తీరమే.

ఇక జార్జ్ లెమైత్ర్ సంగతి. ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు అదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 1894లో బెల్జియంలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసి, తిరిగొచ్చి గణితం, వేదాంతం రెండూ చదివి, 1923లో గురువుగా అభిషిక్తుడయ్యాడు. 1927లో, విశ్వం వ్యాకోచిస్తోందని ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి రాబట్టి ప్రచురించాడు. గణితం బాగుంది గానీ భౌతికశాస్త్రం మింగుడుపడడం లేదని ఐన్‌స్టీన్ ఆయనతో అన్నాడట. 1931లో, విశ్వమంతా ఒక ఆదిమ పరమాణువు నుంచి పుట్టి ఉంటుందని లెమైత్ర్ ప్రతిపాదించాడు. తర్వాత బిగ్ బ్యాంగ్ పేరుతో ప్రపంచానికి తెలిసిన సిద్ధాంతానికి మొలక అది. గురువు కాబట్టి సృష్టి కథను శాస్త్రంలోకి దొంగచాటుగా తెస్తున్నాడని కొందరు శాస్త్రజ్ఞులు అనుమానించారు.

1951 నవంబరు 22న పన్నెండో పయస్ పోపుగారు వాటికన్ విజ్ఞాన అకాడమీలో ప్రసంగిస్తూ, విశ్వానికి ఆది ఉందని శాస్త్రం తేల్చడం సృష్టికర్తకు సాక్ష్యమన్న ధోరణిలో మాట్లాడారు. విశ్వాసులు సంతోషించారు. సంతోషించనిది లెమైత్ర్. తన సిద్ధాంతం రేపు తప్పని తేలవచ్చు. అప్పుడు దాని మీద నిలబెట్టిన విశ్వాసం ఏమవుతుంది? సిద్ధాంతం నిజమే అయినా, దేవుడు ఒక సమీకరణానికి దొరికేవాడని ఒప్పుకున్నట్టు కాదా? ఆయన వాటికన్ పరిశీలనశాల అధిపతి డేనియల్ ఓకానెల్ ద్వారా తన ఆందోళన పైకి చేర్చాడని చరిత్రకారులు చెబుతారు. మరుసటి ఏడు రోములో ఖగోళ శాస్త్రజ్ఞుల ప్రపంచ మహాసభ జరిగినప్పుడు పోపుగారు వారితో మాట్లాడారు గానీ ఆ వాదన ఎత్తలేదు. 1960లో లెమైత్ర్ ఆ అకాడమీకే అధ్యక్షుడయ్యాడు.

గెలీలియో విషయంలో శ్రీసభ తనకు నచ్చని శాస్త్రాన్ని తోసిపుచ్చింది. 1951లో తనకు నచ్చిన శాస్త్రాన్ని తన సొంతం చేసుకోబోయింది. రెండూ ఒకే రకం పొరపాట్లని గుర్తించినవాడు లెమైత్ర్. నచ్చినదాన్ని వద్దనడానికి మరింత ధైర్యం కావాలి. ఈ రోజుల్లో ప్రతి మతంలోనూ, మన చుట్టూనూ, ప్రతి కొత్త ఆవిష్కరణా మా గ్రంథంలో ముందే ఉందని చెప్పుకునే ఉబలాటం పెరుగుతోంది. అలా చెప్పుకునే ప్రతి విశ్వాసీ లెమైత్ర్ జీవితం చదవాలని నా కోరిక.

విశ్వం వ్యాకోచించినా సంకోచించినా రేపు ఉదయం పాలేరు పొలానికి వెళ్లే వేళ మారదు. కాబట్టి అక్కడ లెమైత్ర్ గీసిన గీత చాలు. వాతావరణ శాస్త్రం అలాంటిది కాదు.

దాని చరిత్ర టూకీగా చెప్పుకుంటే, గాలి పొర భూమి వేడిని పట్టి ఉంచుతుందని ఫ్రాన్సులో ఫూరియే 1824లో ఊహించాడు. బొగ్గుపులుసు వాయువు ఎండకు ఎక్కువగా వేడెక్కుతుందని అమెరికాలో యూనిస్ ఫుట్ 1856లో చూపింది. తర్వాత టిండాల్ ప్రయోగశాలలో దాన్ని స్థిరపరిచాడు. 1896లో అరీనియస్ కాగితం మీద లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఆ వాయువు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఈ అంకెకు మతం లేదు. కానీ ఇది మన మీద ఒక పని పెడుతోంది. బొగ్గు కాల్చడం తగ్గించమంటోంది, ఎవరు ముందు తగ్గించాలో చెప్పడం లేదు. ఆ రెండో మాట చెప్పే పరికరం ఏ ప్రయోగశాలలోనూ లేదు.

ఇక్కడే వీరభద్రన్ రామనాథన్ పేరు చెప్పాలి. తమిళనాట పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈ శాస్త్రజ్ఞుడు, ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు బొగ్గుపులుసు వాయువు కంటే వేల రెట్లు బలంగా వేడిని పట్టి ఉంచుతాయని 1975లో నిరూపించాడు. 2004 నుంచి వాటికన్ విజ్ఞాన అకాడమీ సభ్యుడు. సభ్యత్వానికి మతం అడ్డు రాకపోవడం ఆ అకాడమీ సంప్రదాయం. స్టీఫెన్ హాకింగ్ కూడా సభ్యుడిగా ఉండేవాడు. పర్వత హిమానీనదాల దుస్థితి మీద 2011లో అకాడమీ తెచ్చిన నివేదికకు నాయకత్వం వహించినవారిలో రామనాథన్ ఒకరు. 2014 మేలో అకాడమీ సమావేశం సందర్భంగా ఆయన ఫ్రాన్సిస్ పోపుగారిని కాసేపు కలిసి చెప్పిన మాటల సారాంశం ఇది: కాలుష్యంలో సింహభాగం సంపన్నులైన వందకోట్ల మందిది, దాని దెబ్బ తగిలేది ఇంకా కట్టెల పొయ్యి దాటని మూడు వందల కోట్ల మందికి. అది కొలతలోంచి వచ్చిన మాట, దాన్ని విన్నచోట అది న్యాయానికి సంబంధించిన మాట అయింది.

ఏడాది తర్వాత, 2015 మే 24న, ఫ్రాన్సిస్ పోపుగారు పర్యావరణం గురించి రాసిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ మీద సంతకం చేశారు. జూన్ 18న రోములో దాన్ని విడుదల చేసిన వేదిక మీద జర్మన్ వాతావరణ భౌతికశాస్త్రజ్ఞుడు హాన్స్ యోఆఖిమ్ షెల్న్‌హూబర్ కూర్చున్నాడు. ఆ మే నెల మనకు మరో కారణంగా గుర్తు. ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేలకు పైగా ప్రాణాలు పోయింది ఆ నెలలోనే. పోయినవారిలో ఎక్కువమంది ఎండన పడి పనిచేసేవారు, ముసలివారు, నీడ లేనివారు. అక్కడ కాగితం మీద సంతకం పడుతున్న వేళకు ఇక్కడ ఆస్పత్రి వరండాల్లో తడిగుడ్డలు కప్పిన దేహాలు వరుసగా ఉన్నాయి.

విశ్వలేఖ 55వ పేరాలో ఎయిర్ కండిషనర్ల వాడకం పెరగడాన్ని హానికరమైన అలవాట్లకు ఉదాహరణగా చెప్పారు. ఇది చదివినప్పుడు ఆ మే నెల బాధితుల పక్షాన నాకు అభ్యంతరం కలిగింది. నలభై ఏడు డిగ్రీల ఎండలో చల్లదనం విలాసం కాదు, ప్రాణాధారం. ఈ అభ్యంతరాన్ని ఇక్కడ దాచడం లేదు. అయితే సమస్య ఉందన్నది నిజం. మిషన్లు విడిచే వేడి, అవి తాగే బొగ్గు కరెంటు, వాటిలోని వాయువులు అన్నీ నిజమే. పరిష్కారాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. ఆ వాయువులను దశలవారీగా తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందానికి అది సవరణ. రామనాథన్ 1975 నాటి లెక్కకు దూరపు ఫలితం కూడా. ఇక 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతను ఇంటి కప్పులకు వేయించడం దాని సారం. రేకుల కప్పు కింద బతికేవాడికి ఒక నీతివాక్యం కంటే ఒక డబ్బా తెల్లరంగు మేలు. అయితే ఆ డబ్బా ముందుగా ఎవరి కప్పుకు చేరాలన్న ప్రశ్న నీతిదే.

విశ్వలేఖ మీద వచ్చిన విమర్శల్లో మూడింటిని మాత్రం తీసుకుంటాను.

మొదటిది లోపలి నుంచే వచ్చింది. అప్పట్లో వాటికన్ ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న కార్డినల్ జార్జ్ పెల్, శాస్త్ర విషయాల్లో తీర్పు చెప్పమని ప్రభువు శ్రీసభకు అధికారం ఇవ్వలేదని 2015 జూలైలో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. గెలీలియో తర్వాత ఎవరైనా ఒప్పుకోవలసిన సూత్రమే అది. విశ్వలేఖ కూడా, శాస్త్ర ప్రశ్నలను తేల్చే ఉద్దేశం శ్రీసభకు లేదని 188వ పేరాలో ఒప్పుకుంది. కానీ ఆ సూత్రం నుంచి కార్డినల్‌గారు వెళ్లిన దారి నాకు సమ్మతం కాదు. శాస్త్రం మీద తీర్పు చెప్పడం వేరు, శాస్త్రం చెప్పిన తీర్పు వినడం వేరు. వైద్యుడు జబ్బు పేరు చెప్పాక గురువు రోగి మంచం దగ్గర ఏమీ తెలియనట్టు కూర్చోకూడదు. అమెరికా పీఠాధిపతులు 2014 నుంచి 2019 దాకా తమ మేత్రాసన పత్రికల్లో రాసిన 12 వేలకు పైగా వ్యాసాల్లో వాతావరణ మార్పును ప్రస్తావించినవి నూటికి ఒకటి కూడా లేవని 2021లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. శ్రీసభలోనే ఈ శాస్త్రాన్ని తేలిగ్గా తీసిపారేసేవారు ఉన్నారని 2023 అక్టోబరు 4న వెలువరించిన ‘లౌదాతే దేయుమ్’లో ఫ్రాన్సిస్ పోపుగారు స్వయంగా రాయవలసి వచ్చింది.

రెండో విమర్శ జనాభా గురించి. గర్భనిరోధక సాధనాలను 1968 నాటి ‘హుమానే వీతే’ విశ్వలేఖ కాదన్నాక, శ్రీసభకు భూమి గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదని అడుగుతారు. ఆ బోధ మీద విశ్వాసుల్లోనే ఏకాభిప్రాయం లేదు. స్త్రీ ఆరోగ్యం గురించి వారు లేవనెత్తే ప్రశ్నలకు మర్యాదగా, ఓపికగా జవాబు చెప్పే బాధ్యత మన మీద ఉంది. కానీ ఉద్గారాల లెక్క వేరే సంగతి చెబుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కంటే ఇది తక్కువ. మరి మన కరెంటు వాడకం, మన పొగ తగ్గాయా? పెరుగుతూనే ఉన్నాయి. ఏటా ఒక అమెరికన్ వంతున గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు సుమారు 14 టన్నులు, భారతీయుడి వంతున రెండు టన్నులు. తలల లెక్క కంటే ఒక్కో తల వెనక ఉన్న వాడకం లెక్క పెద్దదన్న ‘లౌదాతో సీ’ వాదన ఇక్కడ అంకెలకు నిలబడుతోంది.

మూడో విమర్శ అర్థశాస్త్రం నుంచి వచ్చింది. కార్బన్ క్రెడిట్ల కొనుగోళ్లు కొత్తరకం జూదానికి దారితీయవచ్చని, వాడకం తగ్గించుకోకుండా తప్పించుకునే మార్గం కావచ్చని 171వ పేరా హెచ్చరించింది. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హౌస్ దీన్ని 2015లోనే విమర్శించాడు. కాలుష్యానికి ధర కట్టడమే అన్నిటికంటే బలమైన సాధనమని, విశ్వలేఖ దాన్ని విస్మరించిందని ఆయన అభియోగం. ఆ విమర్శలో పస ఉంది. క్రెడిట్ల అమ్మకం వేరు, పొగ మీద పన్ను వేరు. విశ్వలేఖ ఆ తేడాను సరిగా పట్టించుకోలేదు. నాలుగేళ్ల తర్వాత, 2019 జూన్‌లో, చమురు సంస్థల అధిపతులను వాటికన్‌కు పిలిపించిన సమావేశంలో ఫ్రాన్సిస్ పోపుగారు కార్బన్‌కు ధర కట్టడం అవసరమని స్పష్టంగా చెప్పారు. దీన్ని నేను శ్రీసభ ఓటమిగా చూడను. బల్ల దగ్గర ఇద్దరూ కూర్చుంటే ఇలాగే జరగాలి. దూరంగా ఉన్నవాడికి తన పరిష్కారంలోని లోపం ఎన్నటికీ కనిపించదు.

విదేశాల సంగతులు చెప్పి మన దేశంలోని చేదు అనుభవాన్ని దాటేస్తే అది న్యాయం కాదు. మాధవ్ గాడ్గిల్ నాయకత్వంలోని నిపుణుల సంఘం 2011లో పశ్చిమ కనుమల మీద నివేదిక ఇచ్చింది. ఏ వాలులో తవ్వకూడదో, ఎక్కడ కట్టకూడదో, ఏ పంట ఎలా వేయాలో ప్రాంతాల వారీగా సూచించింది. నిర్ణయాలు గ్రామసభల్లో జరగాలని కూడా చెప్పింది. ప్రభుత్వం దాన్ని 2012 మే దాకా బయటపెట్టలేదు. తర్వాత దాన్ని మళ్లీ పరిశీలించడానికి కస్తూరిరంగన్ సంఘం వచ్చింది. 2013 నవంబరులో కేంద్రం కేరళలోని 123 గ్రామాలను పర్యావరణ దృష్ట్యా సున్నితమైనవిగా పేర్కొన్నప్పుడు ఇడుక్కి, కోళికోడ్ కొండల్లో ఆందోళనలు రేగాయి. వాటి ముందువరసలో కతోలిక గురువులున్నారు. శ్రీసభ అండ ఉన్న సంరక్షణ సమితి మద్దతుతో నిలబడ్డ అభ్యర్థి 2014లో ఇడుక్కి లోక్‌సభ స్థానం గెలిచాడు.

‘లౌదాతో సీ’ వెలువడింది ఆ మరుసటి ఏడే. దూరాన ఉన్నవాళ్లు దీన్ని విశ్వాసానికీ శాస్త్రానికీ జరిగిన పోరుగా రాశారు. నేను అలా చదవను. ఆ కొండరైతులు అంతకు రెండు తరాల ముందు, తిండి కొరత కాలంలో, ఎక్కువ పండించమని ప్రభుత్వాలే ప్రోత్సహిస్తే కొండెక్కినవారు. మలేరియాతో, ఏనుగులతో పోరాడి మిరియాలు, ఏలకులు, రబ్బరు పెంచారు. తమ పట్టాలు పోతాయని భయపడ్డారు. ఆ భయాన్ని గురువులు విన్నారు, అది వారి ధర్మం. కానీ రాళ్ల క్వారీల యజమానులు కూడా ఆ రైతుల వెనక నిలబడి ఉన్నారన్నది చూడలేదు, నివేదికలో గ్రామసభకు ఇచ్చిన స్థానాన్ని తమవారికి చదివి చెప్పలేదు. శాస్త్రజ్ఞుల వైపూ లోపం ఉంది. కొండవాలు లెక్క వేసినంత శ్రద్ధగా ఆ వాలు మీద బతికేవాడి అప్పు లెక్క ఎవరూ వేయలేదు. 2018 ఆగస్టు వరదలు, 2024 జూలై 30 తెల్లవారుజామున వాయనాడులో రెండు వందలకు పైగా ప్రాణాలను మింగిన కొండచరియలు ఎవరి పక్షమూ చూడలేదు. ఏ విపత్తుకైనా ఒకే కారణం కట్టడం శాస్త్రం ఒప్పుకోదు, నేనూ కట్టను. ఆ నివేదికను వీధిలో కాకుండా గుడి ప్రాంగణంలో, రైతూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ ఎదురెదురుగా కూర్చుని చదువుకుని ఉండవలసింది అని మాత్రం అంటాను.

అలాంటి ప్రశ్నలు మన వాకిట్లోకీ వచ్చాయి. కర్నూలు దగ్గర సుమారు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లో పని మొదలుపెట్టింది. దాన్ని చూసి వాతావరణ శాస్త్ర విద్యార్థిగా సంతోషిస్తాను. ఒక యూనిట్ బొగ్గు కరెంటు తగ్గినా అది మేలే. అయితే అలాంటి ప్రతి ప్రాజెక్టు దగ్గరా అడగవలసిన ప్రశ్నలుంటాయి. పట్టాదారుకు పరిహారం వస్తుంది. ఆ భూమిని కౌలుకు దున్నుకున్నవాడికి ఏం వస్తుంది? అసైన్డ్ భూమి చేతిలో ఉన్న దళితుడికి, బీడులో గొర్రెలు మేపుకున్నవాడికి ఏం వస్తుంది? మన విచారణ గుడుల్లో ఆదివారం బల్లల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది వీళ్లే. మెగావాట్ల లెక్కలో వీళ్లు కనిపించరు. కనిపించేలా చేయడం విశ్వాసుల పని, అందుకు కావలసినవి భూమి రికార్డులూ గణాంకాలూ. 1891లో పదమూడో లియో పోపుగారు మార్చిలో వాటికన్ పరిశీలనశాలను పునరుద్ధరించి, మేలో కార్మికుల హక్కుల మీద ‘రేరుమ్ నొవారుమ్’ విశ్వలేఖ వెలువరించారు. రెండు నెలల తేడాలో దూరదర్శినికీ కూలికీ ఒకే చేతిమీదుగా చోటు దొరికింది. ఆయన పేరును 2025లో తన పేరుగా ఎంచుకున్న ఇప్పటి పోపుగారు గణితశాస్త్ర పట్టభద్రులు.

వాటికన్ తన వంతు కొంత చేసింది. 2008లో ఆరో పౌలు సభామందిరం కప్పు మీద రెండు వేల నాలుగు వందల దాకా సౌరఫలకాలు పరిచారు. రోము శివారున, వాటికన్ రేడియో స్తంభాలున్న స్థలంలో, కింద పంట, పైన ఫలకాలు ఉండే సౌరక్షేత్రం నిర్మించాలని 2024 జూన్‌లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆదేశించారు. మన మేత్రాసనాల చేతుల్లో బడులున్నాయి, ఆస్పత్రులున్నాయి, హాస్టళ్లున్నాయి, భూములున్నాయి. వేదిక మీద ఉన్న పీఠాధిపతులవారికి నా విన్నపం ఒకటే. వచ్చే వేసవి లోపల మన బడుల్లో రేకుల కప్పు ఉన్న తరగతి గదులన్నిటికీ తెల్లపూత వేయించండి. వేసే ముందు రెండు వారాలు, వేశాక రెండు వారాలు, మధ్యాహ్నం రెండు గంటలకు పిల్లలు కూర్చునే ఎత్తులో ఉష్ణోగ్రత కొలిపించండి. ఆ పని ఈ కళాశాల భౌతికశాస్త్ర విభాగం విద్యార్థులు చేయగలరు. పూత వేయని గదులు కొన్నింటిని పోలిక కోసం అలాగే ఉంచి, వాటిలోనూ అదే రోజుల్లో కొలవాలి. పోలిక పూర్తికాగానే వాటికీ పూత పడాలి. ఫలితాలను అంకెలతో సహా అచ్చువేసి ప్రతి విచారణకూ పంపాలి. తేడా ఆశించినంత రాకపోతే, ఆ సంగతి కూడా ఆదివారం పూజ ముగిశాక ప్రకటనలతో పాటు చదివి వినిపించాలి, ఆ తర్వాత ఏం చేయాలో ఆ గదుల్లో పిల్లలు చదువుతున్న తల్లిదండ్రులను పిలిచి అడగాలి.